పన్నెండు గొట్టాలు

నాకు భయమంటే తెలియదని ఆఫీసులో చెప్పుకుంటారు. వంతెనల కిందా గోడల పక్కనా తాడు కట్టుకుని వేలాడుతూ రాళ్ళు కొట్టి చూసే మనిషిని కాబట్టి అలా అనుకుంటారు. నిజానికి నేను పుట్టు పిరికిదాన్ని. బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కుతాను. కాకపోతే నా భయాలన్నీ చిన్నవి, ఎవరి కంటా పడనివి. పెద్ద భయం ఎలా ఉంటుందో నలభై రెండేళ్ళు వచ్చాక, ఎండ బాగా కాసిన ఒక మంగళవారం పొద్దున తెలిసింది.

పాత కట్టడాల అసలుదనం చూడటం నా ఉద్యోగం. వందేళ్ళ కిందటి రోడ్డో, గోడో, రేవు మెట్లో ఉంటే, కట్టిననాటిది అందులో ఎంత మిగిలిందో తేల్చాలి. చోటు, ఆకారం, సరుకు, పనితనం అని నాలుగు గళ్ళుంటాయి. గడికి అయిదు చొప్పున మొత్తం ఇరవై మార్కులు. మొదటి నక్షా బల్లమీద పరుచుకుని, అందులో లేనిది కట్టడంలో ఏది కనిపించినా ‘తర్వాత చేరినది’ అని ఎర్ర పెన్సిల్‌తో రాయాలి. మార్కుల విషయంలో నేను పరమ పిసినారిని. ఆఫీసులో నన్ను సుత్తి మేడం అంటారు. చేతిలో ఎప్పుడూ చిన్న సుత్తి ఉంటుంది కాబట్టి అని పైకి చెబుతారు గానీ, మాట్లాడటం మొదలెడితే ఆపను కాబట్టి అని నాకు తెలుసు.

సుత్తి మా నాన్నది. ఆయన రాతిపని మేస్త్రీ. అన్నయ్యకీ నాకూ అక్షరాల కంటే ముందు రాళ్ళు కొట్టి వినడం నేర్పాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, వెనకాల డొల్లగా ఉన్న రాయి దబ్బుమంటుంది. గోడ నిటారుగా ఉందో లేదో దారానికి గుండు కట్టి చూడటం కూడా ఆయనే నేర్పాడు. దానికి ఆయన పెట్టిన నియమం ఒకటుంది. గుండు రెండుసార్లు వేలాడదీయాలి. మొదటిసారి చెయ్యి వణికి ఉండొచ్చు, అందుకని రెండోసారి. రెండూ ఒకటే చెబితే దారం చుట్టేసి జేబులో పెట్టుకోవాలి. “మూడోసారి కొలిచేవాడికి నిజం అక్కర్లేదురా, తనకి కావలసింది కావాలి,” అనేవాడు. మేం ఎప్పుడైనా మూడోసారి దారం వదిలితే మొట్టికాయ పడేది.

ఇక ఆ గోడ సంగతి. మా ఊరి పెద్ద పార్కులో ఏటి ఒడ్డునే ఒక రోడ్డు పోతుంది. ఆ రోడ్డుని మోసేది ఒడ్డు గోడ. మూడు నిలువుల ఎత్తు, మూడువందల అడుగులు నడిస్తే గానీ రెండో చివర రాదు. మధ్యలో పడవల రేవు, ఒక చివర కిందికి దిగే మెట్లు. అంత అందమైన రాతిపని నేను ఇంకెక్కడా చూడలేదు. కాకపోతే ఆ గోడ మధ్యలో వరసగా పన్నెండు ఇనప గొట్టాలు బయటికి పొడుచుకుని ఉండేవి. తుప్పు పట్టి, ఒక్కోదాని కింద నల్లటి చార. మొదటి నక్షాలో అవి లేవు.

అవి ఎప్పుడు పెట్టారో తేల్చడానికి నేను రెండు నెలలు పాత కాగితాలు తిరగేశాను. చివరికి అప్పటి మేస్త్రీ పనిపుస్తకం దొరికింది. అందులో ఒక వాక్యం ఉంది: “రెండో వరద తర్వాత గోడ కడుపు ఉబ్బితే పన్నెండు గొట్టాలు పెట్టినాము.” ఆ వాక్యం కనబడగానే కుర్చీలోంచి లేచి గంతేశాను. రెండో వరద అంటే గోడ కట్టిన ఏడేళ్ళకి. అంటే గొట్టాలు అసలువి కావు! నా నివేదికలో ‘రెండో వరద తర్వాత... పన్నెండు గొట్టాలు పెట్టినాము’ అని రాసి, మధ్యలో చుక్కలు పెట్టాను. నాకు కావలసింది తేదీ. కడుపు ఉబ్బిన సంగతితో నాకేం పని?

కిందటి ఎండాకాలం గొట్టాలు పీకించాను. గోడ కట్టిన గని రాయే తెప్పించి, బొక్కలు మూయించి, సున్నం రంగు కలిసేదాకా దగ్గరుండి మేస్త్రీల ప్రాణం తీశాను. గోడ పధ్నాలుగు మార్కుల నించి పంతొమ్మిదికి వచ్చింది. నేను వేసిన మార్కుల్లో అదే ఎక్కువ. పత్రికలో నా ఫొటో పడితే వదిన కత్తిరించి అద్దం పక్కన అంటించింది.

మా ఇంట్లో ముగ్గురం: అన్నయ్య, వదిన, నేను. అన్నయ్య రోడ్డు రోలర్ నడుపుతాడు. ఇరవై ఏళ్ళుగా ఆ చప్పుడులో కూర్చుని కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం. మనం అరిచి చెబితే పెదవులు చూసి మిగతాది పూరించుకుంటాడు. ఈ ఏడు పార్కు రోడ్డు కొత్తగా వెయ్యాలని పాతది తవ్వేశారు. గోడ రోలర్ బరువు ఆగుతుందా అని మా ఆఫీసుని అడిగితే, ఆగుతుందని సంతకం పెట్టింది నేనే. ఆ పనికి అన్నయ్యని పంపారు. అప్పుడే పదకొండు రోజులు ముసురు పట్టింది. వాన వెలిసి రెండ్రోజులు ఎండ కాశాక పని మొదలైంది.

ఆ మంగళవారం పొద్దున టీ తాగుతూ అన్నయ్య అన్నాడు, “ఏమ్మా, నీ గోడ బాగానే ఉందా?”

“ఏం, దానికేం రోగం?”

“నిన్న రోడ్డంతా ఒక దఫా తొక్కాను. ఏటివైపుకి వస్తుంటే సీటు కింద మెత్తగా తగిలింది. చెవులు పోయాక నాకు సీటే చెబుతుంది కదా.”

“పంతొమ్మిది మార్కుల గోడ అది. నీ సీటుకి ఎన్ని మార్కులో ముందు అది చెప్పు,” అన్నాను.

వదిన నవ్వింది. అన్నయ్య కూడా నవ్వి, “సరే తల్లీ, చదువుకున్నదానివి,” అని క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

ఆ రోజు నా పని కూడా అక్కడే. ముసురు తర్వాత ఒకసారి గోడ చూసి కాగితం రాయాలి. పది దాటాక మెట్లు దిగి ఏటి అంచున ఉన్న రాళ్ళ మీదికి వెళ్ళాను. పైన రోలర్ పని చేస్తోంది. కింద నించి అది కనబడదు, దాని అదురు మాత్రం చెప్పుల్లోంచి కాళ్ళలోకి వస్తోంది. రోడ్డు తోటవైపుకి వాలుగా ఉంటుంది కాబట్టి రోలర్ పల్లం నించి మెరకకి, అంటే తోట అంచు నించి ఏటి అంచుకి, వరస తర్వాత వరస జరుగుతూ వస్తుంది. మొత్తం ఎనిమిది వరసలు. ఎనిమిదోది సరిగ్గా గోడ నెత్తిన. అన్నయ్యకో అలవాటుంది. వరస మారినప్పుడల్లా హారన్ ఒకసారి కొడతాడు. తనకి వినబడదు గానీ కొడతాడు.

గోడ ఎండిపోయి ఉంది. ఎక్కడా ఒక చార లేదు, చెమ్మ లేదు. మొదట గర్వంగానే అనిపించింది. ఫొటో కూడా తీశాను. తర్వాత ఏటికి అవతలి ఒడ్డు చూశాను. అక్కడి పాత గోడ సందుసందులోంచీ నీళ్ళు కారుతున్నాయి, ఎండలో తళతళమంటున్నాయి. పదకొండు రోజుల వాన నీళ్ళు కదా, కారాలి. మరి మా గోడ వెనకాల పడిన నీళ్ళు ఎటు పోయాయి?

సుత్తి తీశాను. మెట్ల దగ్గర ఖంగుమంది. పది అడుగులు నడిచి కొట్టాను, ఖంగుమంది. రేవు దాటాక దబ్బుమంది. పక్క రాయి, దబ్బు. దాని కింది రాయి, దబ్బు. నేను మూయించిన ఏడో బొక్క దగ్గరికి వచ్చేసరికి సుత్తి తగిలిన చోట రాయి మాట్లాడటమే మానేసింది. సున్నం సందులోంచి ఎర్రమట్టి పురుగులా సన్నగా బయటికి వచ్చి ఉంది. వేలితో తీశాను. అది చల్లగా ఉంది, వేలి మీదే మళ్ళీ ఇంకొంచెం వచ్చి పడింది.

‘గోడ కడుపు ఉబ్బితే’ అన్న ముక్క కళ్ళ ముందుకి వచ్చింది. నేను చుక్కలు పెట్టిన ముక్క. ఆ గొట్టాలు అందానికి పెట్టలేదు. గోడ వెనకాల చేరిన నీళ్ళు బయటికి పోవడానికి పెట్టారు. ఆ మేస్త్రీ ఎందుకు పెట్టాడో కూడా రాసి పెట్టాడు. నేను ఆ ‘ఎందుకు’ వదిలేసి ‘ఎప్పుడు’ మాత్రం తీసుకున్నాను.

పైన హారన్ మోగింది. నేను వచ్చాక అది రెండోసారి. అంటే మూడో వరస.

రేవులో పడి ఉన్న పడవ గడకర్ర చివర అడుగు పొడవు చెక్క కట్టి, దాన్ని గోడ అంచుకి తగిలించి, చెక్క కొస నించి గుండు వదిలాను. గోడ నిటారుగా ఉంటే మధ్యలో కూడా దారానికీ రాయికీ మధ్య అడుగు దూరం ఉండాలి. కిందటేడు పదకొండున్నర అంగుళాలు ఉంది. ఇప్పుడు ఎనిమిది. టైము పది ఇరవై. పుస్తకంలో రాశాను.

రెండోసారి వదిలాను. అదురుకి దారం ఊగుతుంటే ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఎనిమిది. పది ఇరవై నాలుగు. పైన హారన్, నాలుగో వరస.

రెండూ ఒకటే చెప్పాయి. దారం చుట్టేసి పరిగెత్తాలి. నేను మాత్రం ఫోన్ తీశాను. అన్నయ్యకి చేశాను, మోగి మోగి ఆగిపోయింది. రోలర్ మీద ఉంటే జేబులో ఫోన్ కొట్టుకున్నా తెలియదని నాకు తెలుసు. వెంటనే మా పెద్దసారుకి చేశాను.

“సర్, గోడ నాలుగంగుళాలు ఉబ్బింది. రోలర్ ఆపించాలి.”

“చూడమ్మా, దానికి పంతొమ్మిది వేసింది మీరే. ఆగుతుందని సంతకం పెట్టిందీ మీరే. ఇప్పుడు ఆపితే ఎందుకు ఆపారని అడుగుతారు. తొందరపడకండి. ఇంకోసారి జాగ్రత్తగా కొలిచి చెప్పండి.”

“అలాగే సర్,” అన్నాను.

ఆ గొంతులో ఎంత హాయి ఉందో నాకే వినబడింది. ఆ మాట కోసమే ఆయనకి ఫోన్ చేశానేమో. ఆపించమంటే గొట్టాల కథ బయటికి వస్తుంది, చుక్కలు బయటికి వస్తాయి, అద్దం పక్కన ఉన్న ఫొటో ఉంది, పత్రిక ఉంది. పైన మా అన్నయ్య ఉన్నాడని నాకు తెలుసు. తెలిసే మూడోసారి గుండు వదిలాను. తొమ్మిదో తొమ్మిదిన్నరో చూపిస్తుందేమోనని, నా చెయ్యి తప్పని తేలుతుందేమోనని ఆశ. దారం ఆగుతుంటే దణ్ణం కూడా పెట్టుకున్నాను.

ఏడుంపావు.

నాలుగు నిమిషాల్లో ముప్పావు అంగుళం. గోడ ఉబ్బి ఊరుకోలేదు, నేను చూస్తుండగా నడుస్తోంది. పది ఇరవై ఎనిమిది అని రాశాను. ఆ అంకెలు ఇప్పుడు చూస్తే కోడి గీరినట్టుంటాయి. పైన హారన్ మోగింది, అయిదో వరస.

గడకర్ర అక్కడే పడేసి పరిగెత్తాను. తడి రాళ్ళ మీద రెండుసార్లు జారిపడి మోకాళ్ళు పగిలాయి. మెట్లు ముప్ఫై ఆరు, నేనే లెక్కపెట్టి నివేదికలో రాశాను. వాటిలో సగం చేతులతో ఎక్కాను. ఎక్కుతుండగా ఇంకో హారన్, పైకి వచ్చేసరికి మరొకటి. ఏడో వరస. రోలర్ నాకు వీపు చేసి ఏటి అంచుకి అడుగున్నర ఎడంగా పోతోంది. అన్నయ్య అంచు తప్పకుండా చక్రం కిందికే చూస్తున్నాడు.

“అన్నయ్యా!” అని అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు. తోటవైపు నించి చుట్టి దాని ముందుకి పరిగెత్తాను. నేను ఎదురుగా వెళ్ళి నిలబడితే నా బరువు కూడా ఆ అంచుకే కదా అని ఒక పిచ్చి ఆలోచన. నెత్తిమీది పసుప్పచ్చ టోపీ తీసి రోలర్ చక్రం ముందుకి విసిరాను. చక్రం ముందు ఏది కనబడ్డా బండి ఆపాలని వాళ్ళ రూలు. చక్రం టోపీని తాకీ తాకకుండా ఆగింది. అదురు ఆగిపోయింది. అన్నయ్య తలెత్తి నన్ను చూశాడు.

“దిగు! బండి వదిలేసి దిగు!”

“ఏంటే? బండి వదిలెయ్యడం ఏంటి? ఉండు, లోపలికి తెస్తాను.”

“తిప్పకు! గోడ కదులుతోంది! కింద అంతా నీళ్ళు!”

ఆయన నా పెదవులు చూస్తున్నాడు. సగం అర్థమైంది, సగం కాలేదు. బండి అంటే ఆయనకి ప్రాణం. గేరు మీద చెయ్యి అలాగే ఉంది. అప్పుడు ఒక్కో మాటా విడమరిచి చెప్పాను. “గొట్టాలు. నీళ్ళు పోవడానికే పెట్టారు. నేను పీకించాను. అన్నయ్యా, నేనే.”

ఆయన చెయ్యి గేరు మీంచి లేచింది. ఒక్క క్షణం సీటు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఆయన మొహంలో రంగు పోవడం చూశాను. ఆ బండికి దిగే మెట్టు ఏటివైపే ఉంది. తోటవైపు దూకుదామంటే ఆయనకీ నాకూ మధ్య ఇంజను. చెప్పులు విడిచి, పిల్లి నడిచినట్టు ఏటివైపు మెట్టు మీదికి, మెట్టు మీంచి నేల మీదికి దిగాడు. రోలర్ వెనక నించి చుట్టి వస్తున్నాడు. మా ఇద్దరికీ మధ్య కొత్తగా పరిచిన కంకర మీద వెంట్రుకంత సన్నని గీత పడింది. చూస్తుండగానే వేలు పట్టేంత అయింది. చెయ్యి చాచాను. ఆయన గీత దాటి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరు ఎవర్ని లాగారో తెలియదు, ఇద్దరం వెళ్ళి తోటలో గడ్డిమీద పడ్డాం.

పెద్ద చప్పుడేమీ కాలేదు. లోపల ఎవరో గట్టిగా నిట్టూర్చినట్టయింది. రోలర్ మెల్లగా ఏటివైపు తల వాల్చింది, తర్వాత లేదు. దాని వెనకే రోడ్డు, రోడ్డు వెనకే అంచు రాళ్ళు. నీళ్ళు మాత్రం చాలాసేపు పడ్డాయి. ఎర్రటి నీళ్ళు, పదకొండు రోజులవి. అన్నయ్య నా చెయ్యి వదల్లేదు.

వారం తర్వాత విచారణ జరిగింది. నేను నివేదిక తిరగరాశాను. మేస్త్రీ వాక్యం మొత్తం రాశాను, చుక్కలు లేకుండా. గొట్టాలు పీకించింది నేనేనని రాశాను. నా పుస్తకంలోని మూడు కొలతలూ టైముతో సహా పెట్టాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. కమిటీ వాళ్ళకి మాత్రం మూడో కొలత బాగా నచ్చేసింది. రెండు కొలతలతో ఉబ్బు మాత్రమే తెలిసిందనీ, నేను అనుభవంతో మూడోసారి కొలవబట్టే కదలిక పట్టుబడిందనీ, ఒక నిండు ప్రాణం నిలిచిందనీ రాశారు. ఇకమీదట అందరూ మూడుసార్లు కొలవాలని పెద్దసారు కాగితం పంపారు. పత్రికలో మళ్ళీ నా ఫొటో వేశారు.

ఆ సాయంత్రం వదిన కత్తెర తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుంది. “చూశారా మన సుత్తి మేడాన్ని! మూడోసారి కొలిచిందట!” అని ఫొటో చుట్టూ కత్తిరించడం మొదలెట్టింది. అన్నయ్య నా పనిపుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ఆ పేజీలో ఆయన వేలు మొదటి అంకె మీదికి వెళ్ళింది, రెండో అంకె మీదికి వెళ్ళింది. మూడోదాని మీద ఆగిపోయింది.

కమిటీకి ఏమైనా చెప్పొచ్చు. ఈయన మా నాన్న దగ్గర మొట్టికాయలు తిన్నవాడు.

“మొదటి రెండూ ఎనిమిదే కదా,” అన్నాడు అన్నయ్య.

“ఊఁ.”

“మరి మూడోసారి ఎందుకు కొలిచావు?”

ఆయన చూపు నా పెదవుల మీదే ఉంది. కదలిక చూద్దామని, అని చెబితే సరిపోతుంది. ఊరంతా ఆ మాటే నమ్మింది. వదినా నమ్మింది.

“తప్పని తేలుతుందేమోనని,” అన్నాను. “ఎవరికీ చెప్పక్కర్లేకుండా పోతుందేమోనని.”

“పైన నేనున్నానని తెలుసుగా?”

“తెలుసు.”

అన్నయ్య తల ఊపాడు. వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. “రెండోసారి కొలిచేసరికి నేను నాలుగో వరసలో ఉన్నాను. నువ్వు పైకి వచ్చేసరికి ఏడో వరసలో. మెట్లెక్కడానికి రెండు వరసలు పట్టిందనుకుందాం.” ఒక వేలు మిగిలింది, మూడో కొలతకి పోయిన వరస. ఆ వేలు కాసేపు చూసుకుని, మెల్లగా ముడిచి, పుస్తకం మూసి నావైపు జరిపాడు.

“ఏంటి మీరిద్దరూ ఆ పుస్తకం పట్టుకుని లెక్కలేస్తున్నారు?” అంది కత్తెర మీదే ధ్యాస ఉన్న వదిన నవ్వుతూ. తలెత్తి ముందు ఆయన మొహం చూసింది, తర్వాత నా మొహం చూసింది. సగం కత్తిరించిన కాగితం అలాగే వదిలేసి కత్తెర బల్లమీద పెట్టేసింది.